మాగ్నా కార్టా: పది వారాల్లో చచ్చిన ఒప్పందం మళ్ళీ మళ్ళీ ఎలా బతికింది?

2025 మే నెలలో ఒక వార్త ప్రపంచమంతా తిరిగింది. హార్వర్డ్ లా స్కూలు లైబ్రరీలో ఒక పాత తోలు పత్రం ఉంది. 1946లో 27 డాలర్ల 50 సెంట్లకు కొన్నారు. అదొక నకలనే ఇన్నాళ్ళూ అందరూ అనుకున్నారు. తీరా ఇద్దరు బ్రిటిష్ ప్రొఫెసర్లు పరిశీలిస్తే అది మాగ్నా కార్టా ఒరిజినల్ అని తేలింది.

అంతవరకూ బాగానే ఉంది. వార్త కాస్త ముందుకు చదివితే మాత్రం బుర్ర తిరుగుతుంది. ఆ ఒరిజినల్ 1300 నాటిదట! మాగ్నా కార్టా 1215లో కదా? పోటీ పరీక్షలకు చదివిన ఎవరికైనా ఆ సంవత్సరం నోటికొస్తుంది. ‘భారతీయ విద్యకు మాగ్నా కార్టా ఏది? 1854 వుడ్స్ డిస్పాచ్’, ‘రాజ్యాంగంలో మాగ్నా కార్టా అని దేన్నంటారు? మూడో భాగాన్ని’ అని బిట్లు బట్టీ పట్టినవాళ్ళం మనం. అసలు మాగ్నా కార్టా సంగతేమిటో మాత్రం ఏ కోచింగ్ సెంటర్లోనూ చెప్పిన గుర్తు లేదు.

1215 ఒప్పందానికి 85 ఏళ్ళ తర్వాత ఒరిజినల్ ఎలా పుట్టింది? ఇంగ్లండు రాజుకీ అక్కడి ప్రభువులకీ మధ్య దాదాపు వందేళ్ళు నడిచిన గొడవ మొత్తం ఈ ప్రశ్నలోనే ఉంది. సింహాసనం మీద ఎవరు కూర్చోవాలన్నది చాలాకాలం దాకా ఆ గొడవలో ప్రధాన విషయమే కాదు. ‘రాజు మా దగ్గర ఎంత గుంజవచ్చు, ఆ లెక్క ఎవరు తేల్చాలి?’ అన్నదే అసలు పేచీ.

రాజు ఇచ్చిన భూమి, బేరను ఇచ్చిన మాట

1066లో నార్మండీ నుంచి సముద్రం దాటి వచ్చిన విలియం ఇంగ్లండును గెలిచాడు. గెలిచాక భూమంతా తనదేనన్నాడు. దాన్ని తన వెంట వచ్చిన యోధులకు పంచాడు కానీ అమ్మలేదు, దానమూ ఇవ్వలేదు. ‘భూమి నాది, అనుభవం నీది. బదులుగా నేను పిలిచినప్పుడు ఇంతమంది నైట్లతో యుద్ధానికి రా’ అన్నది షరతు. నైట్ అంటే కవచం, గుర్రం ఉన్న యోధుడు. ఇలా రాజు దగ్గర నేరుగా భూమి పొందిన పెద్దలను స్థూలంగా బేరన్లు అనవచ్చు. వాళ్ళలోనూ మరీ పెద్దవాళ్ళు ఎర్ల్‌లు. బేరన్లు అదే షరతు మీద తమ కింద నైట్లకు భూమి ఇచ్చేవాళ్ళు. అందరి కిందా రైతులు. వాళ్ళలో పెద్ద భాగం ‘విలీన్’లు, అంటే ఊరు వదిలి వెళ్ళే స్వేచ్ఛ లేని కట్టు రైతులు. మన సినిమా విలన్ అన్న మాట పుట్టింది ఈ బడుగు జీవి పేరులోంచే. పేరు పెట్టినవాళ్ళు ఎవరై ఉంటారో ఊహించుకోవచ్చు.

బేరనంటే జమీందారేగా అనిపిస్తుంది. పూర్తిగా కాదు. జమీందారు శిస్తు వసూలు చేసి పైకి కట్టేవాడు. బేరను ప్రధానంగా సైన్యం బాకీ. కోట అతనిది, ఆయుధాలు అతనివి, కింద యోధులూ అతని మనుషులే. రాజుకు పెద్ద యుద్ధం వస్తే వీళ్ళే దిక్కు. మరోవైపు బేరను చేతిలోని భూమికి పట్టా లాంటిది రాజుగారి గుర్తింపే. అది పోతే పక్క బేరను వచ్చి తన్ని తీసుకుంటాడు. అంచేత ఈ కథలో ‘రాజే వద్దు’ అన్నవాడు ఒక్కడూ కనిపించడు. మంచి రాజు కావాలి, అంటే తమ జోలికి తక్కువగా వచ్చే రాజు కావాలి. అంతే.

ఒక చిక్కు మాత్రం మొదటినుంచీ ఉంది. బేరనుకీ అతని కింది నైటుకీ తగువొస్తే రాజు కోర్టుకు పోవచ్చు. బేరనుకీ రాజుకీ తగువొస్తే? అప్పుడు కూడా రాజు కోర్టుకే పోవాలి. ప్రతివాదే జడ్జి.

తండ్రి ఆస్తి దక్కాలంటే ఎంత కట్టాలి?

సైన్యం కాక రాజుకు ఇంకొన్ని రాబళ్ళు ఉండేవి. మూడు ముఖ్యం.

మొదటిది రిలీఫ్. బేరను చనిపోతే కొడుకు ఆ ఎస్టేటులోకి రావడానికి రాజుకు కట్టే సొమ్ము. మన పాత మాట నజరానా దీనికి దగ్గరగా ఉంటుంది. రెండోది వార్డ్‌షిప్. వారసుడు మైనరైతే వాడు పెద్దయ్యేదాకా ఎస్టేటు రాబడి రాజుదే. రాజు ఆ హక్కును ఇంకొకరికి అమ్మేసుకోనూ వచ్చు. మన జమీందారీల చరిత్రలో వినపడే ‘కోర్ట్ ఆఫ్ వార్డ్స్’ అన్న పేరులోని వార్డ్ ఈ వార్డే. వారసురాలి పెళ్ళి, విధవరాలి మారుమనువు కూడా రాజు చేతిలోని సరుకే. మూడోది స్క్యూటేజ్, తెలుగులో డాలు పన్ను అందాం. యుద్ధానికి మనుషులను పంపే బదులు, నైటుకు ఇంత చొప్పున డబ్బు కట్టడం.

ఇవేవీ 1215లో మాగ్నా కార్టాకు ఒప్పుకున్న జాన్ రాజు కనిపెట్టినవి కావు. అతని తండ్రి రెండో హెన్రీ, అన్న రిచర్డ్ కూడా తీసుకున్నారు. రిలీఫ్ ‘సబబుగా’ ఉండాలన్నది ఆచారం. బేరన్ల లెక్కలో సబబు అంటే 100 పౌండ్లు. కానీ అది ఎక్కడా రాసిలేదు. రాసిలేని చోట రాజుగారి మూడే రేటు.

లెక్క వేసి చూద్దాం. ముందు డబ్బు సంగతి. 1 పౌండు అంటే 20 షిల్లింగులు, 240 పెన్నీలు. పెద్ద మొత్తాలను ‘మార్కు’ల్లో రాసేవాళ్ళు. మార్కు అంటే 160 పెన్నీలు, పౌండులో మూడింట రెండొంతులు. తమాషా ఏమిటంటే మార్కు అనే నాణెమూ లేదు, పౌండు అనే నాణెమూ లేదు. చేతిలో ఆడేదంతా చిన్న వెండి పెన్నీయే.

ఒక బేరనుకు ఏడాదికి 200 పౌండ్ల రాబడి ఉందనుకుందాం. అప్పట్లో అది చెప్పుకోదగ్గ ఎస్టేటే. ఆచారం ప్రకారం 100 పౌండ్ల రిలీఫ్ అంటే ఆరు నెలల రాబడి. కష్టమే, కానీ రెండు మూడేళ్ళలో తీర్చేయవచ్చు. ఇప్పుడు నిజంగా జరిగిన కేసు చూడండి. 1205లో నికొలస్ డి స్టట్‌విల్ అనే ఉత్తరాది బేరను తన వాళ్ళ ఎస్టేటులోకి రావాలంటే జాన్ వేసిన మొత్తం 10,000 మార్కులు, అంటే సుమారు 6,667 పౌండ్లు. మనం అనుకున్న ఎస్టేటుకైతే 33 ఏళ్ళ రాబడి. పెన్నీల్లో 16 లక్షలు. తూకం వేస్తే రెండు టన్నులు దాటే వెండి. అది తీరేదాకా నేర్స్‌బరో, బరోబ్రిడ్జ్ ఆస్తులు రెండూ రాజు చేతిలోనే తాకట్టు.

ఇంత డబ్బు వస్తుందని జాన్ నిజంగా అనుకున్నాడా? అనుకుని ఉండడు. ఇక్కడే అసలు కిటుకు ఉంది. బాకీ తీరడం రాజుకు ముఖ్యం కాదు, బాకీ ఉండడం ముఖ్యం. మంచిగా ఉన్నంతకాలం వాయిదాలు, మాఫీలు. ఎదురు తిరిగితే ‘మొత్తం ఇప్పుడే కట్టు’. కట్టలేకపోతే ఎస్టేటు జప్తు, అదీ చట్టబద్ధంగా, ఖజానా నిబంధనల ప్రకారం. అప్పు చీటీ ఇనప్పెట్టెలో పెట్టుకుని ఊరందరిచేతా నమస్కారాలు పెట్టించుకునే పెద్దమనిషిని చూసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

జాన్ ఖజానా చిట్టాలు ఇప్పటికీ ఉన్నాయి, చదువుతుంటే నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది. 1212లో ఓమాల్ కౌంటెస్ హావీస్ తన ఆస్తి తనకు దక్కడానికీ, తనకు బలవంతంగా మళ్ళీ పెళ్ళి చేయకుండా ఉండడానికీ 5,000 మార్కులు ఒప్పుకుంది. మరోచోట, హ్యూ డి నెవిల్ అనే అధికారి భార్య ఒక్క రాత్రి మొగుడితో గడపడానికి రాజుకు 200 కోళ్ళు ఇస్తానంది. ఇది దర్బారులో పేలిన జోకని కొందరు, జాన్ ఆమె మీద కన్నేశాడనడానికి గుర్తని కొందరు అంటారు. ఏదైనా గుమాస్తా మాత్రం బుద్ధిగా చిట్టాకెక్కించాడు.

నార్మండీ పోయాక పెరిగిన ఒత్తిడి

జాన్ 1199లో రాజయ్యాడు. అప్పటికి ఇంగ్లండు రాజు చేతిలో ఫ్రాన్సు పడమటి సగం దాకా ఉంది. పోటీదారైన అన్న కొడుకు ఆర్థర్‌ను 1202లో పట్టుకున్నాడు. ఆ కుర్రవాడు 1203 తర్వాత మళ్ళీ కనిపించలేదు. జాన్ చంపించాడనే లోకం నమ్మింది. 1204లో ఫ్రాన్సు రాజు ఫిలిప్ నార్మండీని లాగేసుకున్నాడు.

మిగతా కథంతా ఈ ఓటమి నీడలోనే నడిచింది. పోయిన నార్మండీని తిరిగి తెచ్చుకోవాలి, దానికి డబ్బు కావాలి. పైగా ఆ రోజుల్లో ధరలు బాగా పెరిగిపోయాయి, కిరాయి సైనికుల జీతాలూ పెరిగాయి. జాన్ 16 ఏళ్ళలో 11 సార్లు డాలు పన్ను వేశాడు. అతని తండ్రి 34 ఏళ్ళ పాలనలో 8 సార్లే వేశాడు. 1207లో ఆదాయం, చరాస్తుల మీద పదమూడో వంతు పన్ను వేసి 60,000 పౌండ్ల దాకా రాబట్టాడు. ఇంకో తేడా కూడా ఉంది. వెనకటి రాజులు చాలాకాలం ఫ్రాన్సులోనే ఉండేవాళ్ళు. నార్మండీ పోయాక జాన్ ఇంగ్లండులోనే ఉండిపోయాడు. కష్టపడే మనిషి, ఊరూరా తిరిగేవాడు, ప్రతి కాగితం తనే చూసేవాడు. అత్తగారు ఊళ్ళో ఉండడం వేరు, ఇంట్లోనే మకాం వేయడం వేరు!

బేరన్లకు వెన్నులో చలి పుట్టించింది మాత్రం విలియం డి బ్రయోజ్ కుటుంబానికి పట్టిన గతి. విలియం జాన్‌కు కుడిభుజం. ఐర్లండులో లిమరిక్ ఎస్టేటు కోసం 5,000 మార్కులు బాకీ పడ్డాడు. స్నేహం చెడింది. బాకీ గుర్తొచ్చింది. జాన్ అతని కొడుకులను తాకట్టుగా పంపమన్నాడు. ‘సొంత అన్న కొడుకు ఆర్థర్‌కే దిక్కులేదు, నా పిల్లలను పంపనా?’ అన్న అర్థంలో విలియం భార్య మటిల్డా రాజభటుల ముందే అనేసిందని ఒక సన్యాసి చరిత్రకారుడు రాశాడు. 1210లో ఆమెనూ పెద్ద కొడుకునూ చెరలో పడేసి, తిండి పెట్టక చంపారు. విలియం ఫ్రాన్సుకు పారిపోయి మరుసటి ఏడాది అక్కడే పోయాడు. జాన్ దీనికి ఇచ్చిన సంజాయిషీ ఏమిటో తెలుసా? బాకీ ఎగ్గొట్టాడు కాబట్టి ఖజానా చట్టం ప్రకారమే వెళ్ళానని బహిరంగ లేఖ రాయించాడు. ప్రతి బాకీదారు బేరనూ ఆ లేఖలో తన పేరు చదువుకుని ఉంటాడు.

ఈలోపు పోప్ మూడో ఇన్నొసెంట్‌తో మరో గొడవ. కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్‌గా పోప్ పెట్టిన స్టీఫెన్ లాంగ్టన్‌ను జాన్ రానివ్వలేదు. 1208 నుంచి ఆరేళ్ళు ఇంగ్లండులో చర్చి సేవలు చాలావరకు ఆగిపోయాయి. 1213లో జాన్ ఒక్కసారిగా ప్లేటు తిప్పాడు. ఇంగ్లండునే పోప్‌కు అప్పగించి, ఏటా 1,000 మార్కులు కట్టే సామంతుడిగా తిరిగి తీసుకున్నాడు. అవమానం లాగే కనిపిస్తుంది కానీ, ఈ ఎత్తు రెండేళ్ళ తర్వాత ఎంత పనికొచ్చిందో ముందుముందు చూస్తారు.

1214 జూలై 27న బూవీన్ అనే చోట జాన్ మిత్రపక్షాల సైన్యాన్ని ఫిలిప్ చిత్తుగా ఓడించాడు. పదేళ్ళపాటు పిండిన డబ్బంతా ఒక్క మధ్యాహ్నంలో మట్టిపాలైంది. గెలిచి ఉంటే బేరన్లు నోరెత్తేవాళ్ళా అన్నది అనుమానమే.

రన్నీమీడ్‌లో నిజంగా ఏం రాసుకున్నారు

ఆ ఏడాది డాలు పన్ను కట్టబోమని ముందుగా తిరగబడింది ఉత్తరాది బేరన్లు. స్టట్‌విల్ కూడా ఆ గుంపులోవాడే. 1215 మే నెల మొదట్లో రాజుకు తాము ఇచ్చిన విధేయత మాటను వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. వాళ్ళ నాయకుడు రాబర్ట్ ఫిట్జ్‌వాల్టర్ తనకు తాను పెట్టుకున్న బిరుదు ‘దేవుని సైన్యానికి మార్షల్’. మే 17న లండన్ వాళ్ళ చేతిలో పడింది. అప్పుడు జాన్ దిగొచ్చాడు.

అయితే ఇది ‘రాజు ఒకవైపు, ప్రభువులంతా ఒకవైపు’ అన్నంత శుభ్రంగా లేదు. విలియం మార్షల్ లాంటి పెద్ద తలకాయలు రాజుతోనే ఉన్నాయి. అదే మార్షల్ కొడుకు తిరుగుబాటుదారుల్లో ఉన్నాడు. ఎవరు గెలిచినా ఇల్లు నిలబడుతుందన్న లెక్క కూడా ఉండి ఉండవచ్చు. చాలామంది గోడమీద పిల్లులు.

జూన్ 15న థేమ్స్ ఒడ్డున విండ్సర్‌కీ స్టెయిన్స్‌కీ మధ్య రన్నీమీడ్ అనే పచ్చికబయల్లో ఒప్పందం కుదిరింది. బొమ్మల్లో జాన్ ఈకపెన్నుతో సంతకం పెడుతూ కనిపిస్తాడు. ఆయన సంతకం పెట్టలేదు. రాజముద్ర మైనం మీద ఒత్తారు, అంతే. లాటిన్‌లో సుమారు 3,500 మాటల పొడవున ఒకే ఊపులో సాగే పత్రం అది. 63 క్లాజులన్న అంకెలు తర్వాతి పండితులు వేసుకున్నవి. ఇలాంటి ముద్ర వేసిన ప్రతులు చాలా రాయించి జిల్లాలకు పంపారు. ప్రతిదీ ఒరిజినలే. 1215 నాటివి ఇప్పుడు నాలుగు మిగిలాయి.

తెరిచి చదివితే స్వాతంత్ర్య ప్రకటనలా ఉండదు, మొదటి చూపులో రేట్ల పట్టికలా ఉంటుంది. రిలీఫ్ 100 పౌండ్లు, ఇక అంతే. మైనరు ఎస్టేటును చూసేవాడు ఇల్లూ చెరువూ మిల్లూ పాడుపెట్టకూడదు. విధవను మారుమనువుకు బలవంతపెట్టకూడదు. థేమ్స్, మెడ్వే నదుల్లో చేపల కోసం కట్టిన అడ్డుకట్టలు తీసేయాలి, పడవలు తిరగాలి. ధాన్యానికి దేశమంతా లండన్ కొలతే. రాజుగారి ఫలానా విదేశీ అధికారి చుట్టాలందరినీ ఉద్యోగాల్లోంచి పీకేయాలి, పేర్లు కూడా రాసి మరీ. హావీస్, స్టట్‌విల్ లాంటివాళ్ళ గోడు ఒక్కొక్కటే క్లాజుగా మారిందని చదువుతుంటేనే తెలిసిపోతుంది.

ఆ పట్టిక మధ్యలో మూడు ముక్కలు వేరేగా మెరుస్తాయి. 12వ క్లాజు: రాజును బందీగా పట్టుకుంటే విడిపించడం, పెద్ద కొడుకును నైటు చేయడం, పెద్ద కూతురి మొదటి పెళ్ళి, ఈ మూడూ తప్ప దేనికైనా డాలు పన్నో సాయం పన్నో కావాలంటే రాజ్యపు ఉమ్మడి సలహా కావాలి. 39వది: స్వతంత్రుడైన ఏ మనిషినీ అతని సమానుల న్యాయమైన తీర్పు వల్లనో, దేశపు చట్టం వల్లనో తప్ప పట్టుకోకూడదు, చెరలో వేయకూడదు, ఆస్తి ఊడబెరకకూడదు. 40వది: న్యాయాన్ని ఎవరికీ అమ్మం, ఎవరికీ నిరాకరించం, ఎవరికీ ఆలస్యం చేయం.

39వ క్లాజును మటిల్డా చావు తెలిసి చదవాలి. ‘ఖజానా చట్టం ప్రకారమే చేశాను’ అన్న లేఖ మళ్ళీ రాయకుండా చేయాలన్న ఆరాటం అందులో కనిపిస్తుంది.

రాజు మాట తప్పితే ఎవరు పట్టుకోవాలి?

రాజు ఇన్ని ఒప్పుకున్నాడు సరే, మాట తప్పితే? ప్రతివాదే జడ్జి అన్న పాత చిక్కు మళ్ళీ ఇక్కడికే వచ్చింది. దానికి బేరన్ల జవాబు 61వ క్లాజు. వాళ్ళలో 25 మంది కమిటీ. రాజు తప్పు చేస్తే నలుగురు వెళ్ళి చెబుతారు. 40 రోజుల్లో సరిదిద్దకపోతే దేశంలోని జనాన్ని కూడగట్టుకుని రాజు కోటలూ భూములూ స్వాధీనం చేసుకోవచ్చు. రాజునూ రాణినీ పిల్లలనూ మాత్రం ముట్టుకోకూడదు. సరిదిద్దాక మళ్ళీ యథాప్రకారం విధేయులు.

కాసేపు జాన్ కుర్చీలో కూర్చుని ఆలోచించండి. మీ కోటలు లాక్కునే హక్కు మీ శత్రువులకు మీరే రాసిస్తారు. మీ తప్పేమిటో నిర్ణయించేదీ వాళ్ళే. ఇప్పుడు ప్రతివాది కాదు, వాది జడ్జి అయ్యాడు. చిక్కు తీరలేదు, అటునుంచి ఇటు తిరిగిందంతే. ఏ రాజైనా దీన్ని నిలబెట్టుకుంటాడని బేరన్లు మాత్రం నమ్మారా? తమ చేతిలోని లండన్‌ను వెనక్కి ఇవ్వడానికి వాళ్ళు తాత్సారం చేసిన తీరు చూస్తే, నమ్మలేదనే అనిపిస్తుంది.

జాన్ కొత్త యజమానికి ఉత్తరం రాశాడు. ఆగస్టు 24న పోప్ ఇన్నొసెంట్ ఈ పత్రం సిగ్గుచేటు, అన్యాయం, చెల్లదు అని కొట్టిపారేశాడు. 1213 నాటి ఎత్తు అలా ఫలించింది. జూన్ 15 నుంచి లెక్కపెడితే పది వారాలు.

యుద్ధం మొదలైంది. ఆ శరదృతువులో జాన్ రోచెస్టర్ కోటను ముట్టడించాడు. గోడ కింద సొరంగం తవ్వించి, దాన్ని నిలబెట్టిన కర్రలకు నిప్పు పెట్టడానికి కొవ్వు కావాలని నవంబరు 25న అధికారులకు ఆర్డరు పంపాడు: 40 పందులు పంపండి, బాగా కొవ్వు పట్టినవి, తినడానికి అంతగా పనికిరానివి. అంత యుద్ధంలోనూ మంచి మాంసం వృథా కాకూడదన్న జాగ్రత్త! జాన్ అంటే ఎవరో ఆ ఒక్క వాక్యంలో తెలుస్తుంది. బురుజు మూల కూలింది. తర్వాత అక్కడ కట్టిన బురుజు గుండ్రంగా ఉంటుంది, మిగతా మూడూ చతురస్రంగా ఉంటాయి. ఇప్పుడు వెళ్ళినా ఆ తేడా చూడవచ్చు.

బేరన్లు ఫ్రాన్సు యువరాజు లూయీని పిలిచి కిరీటం ఇస్తామన్నారు. అతను 1216 మేలో దిగాడు. అక్టోబరులో జాన్ రక్త విరేచనాలతో న్యూఆర్క్‌లో పోయాడు.

చచ్చిన కాగితానికి ప్రాణం పోసింది రాజపక్షమే

చాలామందికి తెలియని మలుపు ఇది. జాన్ కొడుకు మూడో హెన్రీకి తొమ్మిదేళ్ళు. లండన్ శత్రువు చేతిలో ఉంది, అందుకని గ్లాస్టర్‌లో పట్టాభిషేకం చేశారు. రాజప్రతినిధి 70 ఏళ్ళ విలియం మార్షల్. ఖజానాలో డబ్బు లేదు. ఆయన దగ్గర ఉన్న ఆయుధం ఒకటే. 1216 నవంబరు 12న మాగ్నా కార్టాను తమంతట తామే మళ్ళీ విడుదల చేశారు, 61వ క్లాజూ 12వ క్లాజూ తీసేసి. తిరుగుబాటుదారుల జెండా వాళ్ళ చేతుల్లోంచి లాగి రాజు చేతికిచ్చినట్టయింది. ‘మీకు కావలసింది ఈ హామీలేగా, ఇవిగో. ఇక ఫ్రెంచివాడు దేనికి?’

మరుసటేడు లింకన్‌లోనూ, శాండ్విచ్ దగ్గర సముద్రం మీదా ఓడి, 10,000 మార్కులు తీసుకుని లూయీ వెళ్ళిపోయాడు. 1217లో ఈ చార్టరును, అంటే హామీల పత్రాన్ని, ఇంకోసారి విడుదల చేశారు. దానితోపాటు అడవుల మీద వేరే చిన్న చార్టరు వచ్చింది. రెంటినీ వేరుగా గుర్తించడానికి మొదటిదాన్ని ‘పెద్ద చార్టరు’ అన్నారు. మాగ్నా కార్టా అంటే అర్థం అంతే. పెద్దదంటే సైజులో పెద్దది.

1225లో హెన్రీకి యుద్ధానికి డబ్బు కావాలి. చరాస్తుల్లో పదిహేనో వంతు పన్నుకు పెద్దలు ఒప్పుకున్నారు, బదులుగా చార్టరు మళ్ళీ ముద్ర వేయించుకున్నారు. ‘డబ్బిస్తాం, కాగితం ఇవ్వు’ అన్న బేరం అప్పటినుంచి అలవాటైంది. పన్నుకు ఒప్పుకోవలసిన చోటు కాలక్రమంలో పార్లమెంటయ్యింది. 12వ క్లాజును కాగితంలోంచి కొట్టేసినా, ఆచరణలో అది ఈ దొడ్డిదారిన తిరిగొచ్చింది.

స్వార్థమా, హక్కులా? చరిత్రకారులు ఎక్కడ విడిపోతారు

ఒక వాదన పాతది, గంభీరమైనది. మాగ్నా కార్టా స్వేచ్ఛకు పునాది, రాజు కూడా చట్టానికి లోబడాలని మొదటిసారి రాసిన పత్రం. 17వ శతాబ్దంలో స్టువర్ట్ రాజులతో పోరాడిన న్యాయకోవిదుడు ఎడ్వర్డ్ కోక్ దీన్ని దుమ్ము దులిపి బయటికి తీశాడు. మన పాఠ్యపుస్తకాల్లోని మాగ్నా కార్టా చాలావరకు 1215 నాటిది కాదు, కోక్ చదివినది.

ఎదురువాదన: ఇది అప్పుల్లో మునిగిన భూస్వాముల మాఫీ పత్రం. ‘స్వతంత్రుడైన మనిషి’ అన్న మాటతోనే కట్టు రైతులంతా బయటికి పోయారు. ఇందులో చాలా నిజముంది. కానీ కొన్ని ముక్కలు ఈ వాదనలో ఇమడవు. జుల్మానా వేసినా కట్టు రైతు సేద్యపు సరంజామా ముట్టుకోకూడదని 20వ క్లాజు అంటుంది. రాజు మాకిచ్చిన హామీలన్నీ మేమూ మా కిందివాళ్ళకు ఇస్తామని 60వ క్లాజులో బేరన్లు ఒప్పుకున్నారు. కిందినుంచి నైట్లు, లండన్ వర్తకులు, చర్చి గట్టిగా నెట్టి ఉండకపోతే ఇవి వచ్చేవి కావు. రైతు సామాను మీద బేరన్ల ప్రేమకు, రైతు బేరను ఆస్తే అన్న కారణమూ ఉందనుకోండి.

జాన్ విషయంలోనూ రెండు మాటలున్నాయి. అతన్ని రాక్షసుడిగా చిత్రించినవాళ్ళు ఎక్కువగా మఠాల్లోని సన్యాసులు, అందులోనూ కొందరు అతను పోయాక రాసినవాళ్ళు. ఖజానా చిట్టాల్లో కనిపించే జాన్ ఓపికున్న, తెలివైన పాలకుడు. తండ్రి, అన్న వాడిన పద్ధతులనే వాడాడు. పెరిగిన ధరలు, బందీగా చిక్కిన అన్న రిచర్డ్‌ను విడిపించడానికి దేశం కట్టిన భారీ సొమ్ము, ఇవన్నీ అతని మెడకే చుట్టుకున్నాయి. నా మటుకు నాకు రెండో వాదన మొదటిదాన్ని కొట్టేసేంత బలంగా కనిపించదు. పద్ధతులు పాతవే, కానీ వాటితో తల్లినీ కొడుకునూ చెరలో చంపేదాకా వెళ్ళింది జానే.

తర్వాత మాటల అర్థాలు మారిపోయాయి. 1354లో మూడో ఎడ్వర్డ్ చట్టం ‘స్వతంత్రుడైన మనిషి’ స్థానంలో ‘ఏ స్థితిలో ఉన్న మనిషైనా’ అంది, ‘డ్యూ ప్రాసెస్ ఆఫ్ లా’ (సక్రమమైన న్యాయ ప్రక్రియ) అన్న మాటనూ చేర్చింది. ఆ మాట అమెరికా రాజ్యాంగంలోకి ఎక్కింది. మన రాజ్యాంగ సభ దాన్ని వద్దనుకుని, 21వ అధికరణంలో ‘చట్టం నిర్దేశించిన పద్ధతి’ అని రాసుకుంది. ఆ తేడా మీద మన సుప్రీంకోర్టులో 1978 మేనకా గాంధీ కేసు దాకా వాదనలు నడిచాయి.

మళ్ళీ అదే గొడవ, ఇక 1300 దగ్గరికి

61వ క్లాజు పోయింది కానీ అది అడిగిన ప్రశ్న పోలేదు. 1258లో పెద్దలు మూడో హెన్రీ పక్కన 15 మంది కౌన్సిలును కూర్చోబెట్టారు. అతను తప్పించుకున్నాడు. చెల్లెలి మొగుడు సైమన్ డి మాంట్‌ఫర్ట్ 1264లో అతన్ని యుద్ధంలో పట్టుకుని, మరుసటి జనవరిలో పట్టణాల ప్రతినిధులను కూడా పిలిచి పార్లమెంటు నడిపాడు. ఆ ఆగస్టులోనే ఈవ్‌షమ్ దగ్గర రాకుమారుడు ఎడ్వర్డ్ చేతిలో హతమయ్యాడు.

ఆ ఎడ్వర్డే తర్వాత మొదటి ఎడ్వర్డ్ రాజు. ప్రభువులను అణచడం తెలిసినవాడు. అయినా 1297లో వేల్స్, స్కాట్లండ్, ఫ్రాన్సు యుద్ధాల ఖర్చుల్లో అతనికీ అదే గోడ తగిలింది. నువ్వు గాస్కనీ వెళ్ళు, నేను ఫ్లాండర్స్ వెళ్తానని నార్‌ఫోక్ ఎర్ల్ రోజర్ బిగాడ్‌తో అన్నాడు. మీరొస్తే వస్తాను, లేకపోతే రానన్నాడు బిగాడ్. ‘దేవుని తోడు, ఎర్ల్, వెళ్తావా, ఉరికంబం ఎక్కుతావా?’ ‘అదే తోడు, రాజా, వెళ్ళనూ వెళ్ళను, ఉరీ ఎక్కను.’ ఆనాటి చరిత్రకారుడొకడు రాసిన మాటలివి. వెళ్ళనూ లేదు, ఉరీ ఎక్కలేదు. 1215లో ఆ 25 మందిలో బిగాడ్ వంశంవాళ్ళే ఇద్దరున్నారు.

1297లో ఎడ్వర్డ్ పన్ను కోసం చార్టరును ధృవీకరించాడు. పెద్దలు నమ్మక, 1300లో మరోసారి ముద్ర వేయించారు. హార్వర్డ్‌లో దొరికింది ఆ విడత ప్రతుల్లో ఒకటి. అయిదేళ్ళ తర్వాత, 1305 చివర్లో, చార్టర్ల విషయంలో తాను ఒత్తిడి మీద ఇచ్చిన అదనపు హామీలనుంచి విముక్తి కావాలని ఎడ్వర్డ్ పోప్ అయిదో క్లెమెంట్‌ను అడిగాడు. పోప్ సరేనన్నాడు.